ఎడమ మూల

రిచీ స్ట్రీట్‌లో మేడమెట్ల కింద
నిలబడితే తల తగిలే కొట్టు నాది.
నవంబరు వానలో సుగుణవల్లి
సీపీయూని షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని
మింట్ వీధి నుంచి తెచ్చింది.
రెయిన్‌కోటు దానికి తొడిగి తను తడిసింది.

"ఏం చేస్తాది?" అన్నాను.
"అంతా బాగానే ఉంటాదన్నా,
ఈ డిస్కులు పెడితేనే చస్తాది."

గాజుల డబ్బాలో పదిహేడు డిస్కులు.
నీలి మార్కరుతో ఒక్కోదాని మీద ఒక పేరు:
జంట నెమళ్ళు. మామిడి పిందె, చిన్నది.
కనకాంబరం తీగ, చేతికి మాత్రమే.
జాకెట్ల మీద మిషను కుట్టే డిజైన్లు.

ఒకటి పెట్టాను.
లోపల చక్రం లేచింది, ఊపందుకుంది, తడబడింది,
పద్యం మరిచిన పిల్లాడిలా
మళ్ళీ మొదటి పాదం నుంచి ఎత్తుకుంది.
బాణం గుర్తు ఉన్నచోటే గడ్డకట్టింది.
ఆపైన తెరంతా నీలం.

కంటిని స్పిరిట్‌తో తుడిచాను. కేబుల్ మార్చాను.
ర్యామ్ పళ్ళని రబ్బరుతో రుద్దాను.
నా దగ్గరున్న పాత డిస్కు పెడితే హాయిగా తిరిగింది,
ఆమెది పెడితే మళ్ళీ నీలం.
లైటుకెత్తి చూశాను, గీత లేదు, వేలిముద్ర లేదు,
ఊదా మెరుపులో వీధి మొత్తం వంగి కనిపించింది.
అట్లా మూడు రోజులు.
మొదటే అడగాల్సింది నాలుగో రోజు అడిగాను:

"ఇవి ఎక్కడ రాసినవి?"
(ఇంగ్లీషువాళ్ళు కాల్చడం అంటారు, మేం రాయడం అంటాం.)
"వేరే కంప్యూటర్లో."
"ఎవరిది?"
టీ గ్లాసు అడుగులోకి చూస్తూ చెప్పింది, "రెహానాది."

పదకొండేళ్ళు ఒకే షట్టరు కింద ఇద్దరూ,
బోర్డు మీద రెండు పేర్లు.
ఇప్పుడు ఈమె మింట్ వీధి, ఆమె ట్రిప్లికేన్.
కుట్టు మిషను ఈమెకి, కంప్యూటరు ఆమెకి.
డిజైన్లు చెరిసగం చెయ్యడం ఎట్లాగో తెలీక
మొత్తం రాసి పంపించిందట.

అప్పుడు తట్టింది నాకు.
రాసే కన్ను వెంట్రుకవాసి పక్కకి జరిగితే
రాతంతా వెంట్రుకవాసి పక్కనే పడుతుంది.
ఆ డ్రైవుకి అది తెలీదు.
తన వంకర తన వంకరకి సరిపోయి
పొల్లు పోకుండా చదువుకుంటుంది.
ఇంకో డ్రైవు గాడి దొరక్క వెతికి వెతికి
దాని కోసం కాచుకుని కాచుకుని
కంప్యూటరంతా నిలబడిపోతుంది.

నా జాబ్‌కార్డులూ అంతే.
మాటలు తెలుగు, అక్షరాలు అరవం,
నేను చదివిన బడి అదే మరి.
నా రాతలో గుడికీ కుడికీ తేడా ఉండదు.
నెల్లూరు నుంచొచ్చిన సరుకుల ఆయన ఒకసారి
నా కార్డు చేత్తో పట్టుకుని అచ్చం ఇట్లాగే గడ్డకట్టాడు.
మా ఇంట్లో మాత్రం ఎవరూ తడుముకోరు.

ఫోన్ చేశాను.
"మీ డ్రైవు ఒక్క పూటకి కావాలమ్మా."
"అడగమందా?"
"లేదు, నేనే."
పెట్టేసింది.

మర్నాడు ఓ కుర్రాడొచ్చాడు.
జాకెట్టు గుడ్డలో చుట్టిన డ్రైవు,
సూదుల డబ్బీలో దాని నాలుగు మరలు,
నోటితో ఒక ముక్క. నేను సరిగా వినలేదు.

బిగించాను. చక్రం తడబడలేదు.
నెమలి ముక్కు నుంచి తోక దాకా
నూలు నంబర్లతో సహా తెర మీదికి దిగింది.
పదిహేడూ తోడేసరికి వీధిలో దీపాలు పెట్టారు.

సుగుణవల్లి నెమళ్ళని చూడలేదు.
ఆ గుడ్డని మడిచింది, విప్పింది, అంచు తడిమింది.
"ఏమన్నా చెప్పి పంపిందా?"

చివరి డిస్కు లోపలే ఉంది, ట్రే రావటం లేదు.
మీట నొక్కాను, మళ్ళీ నొక్కాను,
అప్పుడు గుర్తొచ్చింది కుర్రాడన్నది:
"ఎడమ మూల బొటనవేలితో..."

అప్పటికే ఆమె వేలు అక్కడుంది.
ట్రే మెల్లగా బయటికొచ్చింది.

బిల్లులో డ్రైవుకి ఏమీ వెయ్యలేదు.
"వాపసు పంపాల కదా," అన్నాను.
బయటికి చూసింది.
"వాన తగ్గనీ," అంది.